ఒకే భూకంపానికి రెండు తీవ్రతలా?

సందేహం: 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో భూకంపం వచ్చినప్పుడు 'రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3గా నమోదైంది' అని టీవీలో చెప్పారు. హైదరాబాద్‌లోని మా చెల్లెలేమో తమ దగ్గర తీవ్రత పెద్దగా లేదంది. ఒకే భూకంపానికి రెండు తీవ్రతలు ఎలా ఉంటాయండీ? 'స్కేలుపై' అనడం తెలుగేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ చెల్లెలు వాడిందే సరైన తెలుగు. టీవీలో చెప్పిన మాటే సరిచేసుకోవాలి. 'తీవ్రత' అనే ఒక్క మాటతో రెండు పనులు చేయించడం వల్ల వచ్చిన చిక్కిది.

గుడిలో గంట కొడితే దాని కింద నిలబడ్డవాళ్లకు చెవులు గింగురుమంటాయి, ఊరి చివర పొలంలో ఉన్నవాళ్లకు లీలగా వినిపిస్తుంది. గంటను ఎంత బలంగా కొట్టారన్నది ఒకటే లెక్క. ఎవరికి ఎంత వినిపించిందన్నది చోటును బట్టి మారుతుంది. భూకంపం విషయంలో మొదటిదాన్ని పరిమాణం అనాలి. రెండోదే తీవ్రత. ఎండ తీవ్రత, చలి తీవ్రత, నొప్పి తీవ్రత... ఈ మాట ఎప్పుడూ మనకు తగిలే దెబ్బనే చెబుతుంది. 'పరిమాణం'లో ఉన్నదేమో కొలవడం అనే అర్థమున్న 'మా' ధాతువు. మానం, ప్రమాణం కూడా దాని సంతానమే.

1935లో కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ చేసింది ఈ పరిమాణపు లెక్క. భూకంప కేంద్రానికి 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న భూకంపలేఖిని (నేల కదలికను గీతగా గీసే యంత్రం) మీద గీత ఒక మిల్లీమీటరు ఊగితే 3, సెంటీమీటరు ఊగితే 4, పది సెంటీమీటర్లు ఊగితే 5. అంకె ఒకటి పెరిగితే గీత పదింతలవుతుంది, విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లవుతుంది. పెద్ద భూకంపాలకు ఈ లెక్క చాలక శాస్త్రజ్ఞులు వేరే పద్ధతికి మారారు. వార్తల్లో మాత్రం రిక్టర్ పేరే ఉండిపోయింది.

తీవ్రతకు వేరే కొలత ఉంది, మెర్కలీ కొలమానం. అందులో 12 మెట్లు. సామాన్లు కదిలాయా, గోడలు బీటలు వారాయా, ఇళ్లు కూలాయా అని చూసి మెట్టు నిర్ణయిస్తారు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని కిల్లారిని గుర్తు తెచ్చుకోండి. పరిమాణం 6.2. అంకెగా చూస్తే మహా భూకంపం కాదు. కానీ రాళ్లూ మట్టీ పేర్చి కట్టిన ఇళ్లు నిద్రపోతున్నవాళ్ల మీద పడి వేలమంది పోయారు. అక్కడి తీవ్రత అది. రెండు మాటలూ మనకు ఎందుకు కావాలో ఆ ఒక్క ఊరు చాలు చెప్పడానికి.

ఇక 'స్కేలుపై'. స్కేలనగానే మనకు బడిపిల్లల చేతిలోని కొలబద్ద తోస్తుంది. ఇది వస్తువు కాదు, లెక్క కట్టే పద్ధతి. దాని 'పై' ఏదీ ఉండదు. 'సెల్సియస్ స్కేలుపై ఎండ 42' అని ఎవరైనా అంటారా? 'ఎండ 42 డిగ్రీలు' అంటాం. భూకంపానికీ అంతే. అయితే దీని పక్కన డిగ్రీలు, పాయింట్లు అని తగిలించకూడదు, ఉత్త అంకె చాలు. 'ములుగు జిల్లాలో 5.3 పరిమాణంతో భూకంపం, హైదరాబాద్‌లో తీవ్రత స్వల్పం' అని రాస్తే మీకీ సందేహమే వచ్చేది కాదు.