దుబాయ్‌లో డ్యూటీ మేనేజర్ ఉద్యోగం: వెళ్లవచ్చా?

ప్రశ్న: మేడమ్, నాకు 29 ఏళ్లు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, హైదరాబాద్‌లో ఒక ఫైవ్ స్టార్ హోటల్ ఫ్రంట్ ఆఫీసులో సూపర్‌వైజరుగా చేస్తున్నాను. దుబాయ్‌లో డ్యూటీ మేనేజర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడు. ముందు విజిట్ వీసా మీద వెళ్లి, తర్వాత మార్చుకోవాలట. ఆ పని ఎలా ఉంటుంది? నా భార్యను తీసుకెళ్లగలనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు ఆ ఏజెంటు సంగతి తేల్చేద్దాం. అతనికి పైసా కట్టకండి. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చులు యజమానే భరించాలి, ఉద్యోగి దగ్గర రాబట్టకూడదు. మన దేశంలో రిజిస్టరైన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. అతని పేరు విదేశీ ఉద్యోగాల కోసం మన ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందేమో చూడండి. విజిట్ వీసా మీద పనిచేయడం అక్కడ చట్టవిరుద్ధం. పట్టుబడితే చిక్కుల్లో పడేది మీరే.

ఇక పని గురించి. దుబాయ్‌లో ఆ ఉద్యోగం చేసినదాన్ని కనుక చెబుతున్నాను, అందులో రాత్రి డ్యూటీలే ఎక్కువ. పెద్ద అధికారులు ఇళ్లకు వెళ్లాక హోటలంతా మీ చేతుల్లో ఉంటుంది. ఫైర్ అలారం మోగినా, అతిథికి గుండెనొప్పి వచ్చినా నిర్ణయం మీదే. నాకు ఆ బాధ్యతంటే ప్రాణం. కానీ అది అందరికీ పడదు.

అన్నిటికంటే కష్టం ఓవర్‌బుకింగ్ అయిన రాత్రి. గదులన్నీ నిండిపోయాయి, విమానం దిగి ఇంకా ఇద్దరు రావాలి. వాళ్లు వచ్చేదాకా ఆగకూడదు. పన్నెండింటికే అదే స్థాయి హోటల్‌కు ఫోన్ చేసి గది పట్టుకోవాలి, కారు సిద్ధం చేయించాలి, ఆ రాత్రి అద్దె మన హోటలే కట్టేలా చూడాలి. చంటిపిల్లలున్న కుటుంబాన్ని, ఏటా వచ్చే పాత అతిథిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ హోటల్‌కు పంపకండి. ఒక్క రాత్రి కోసం ఒంటరిగా వస్తున్నవారెవరో చూడండి. ఆయనను కౌంటరు ముందు నిలబెట్టి చెప్పవద్దు. సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని చెప్పండి. కోప్పడితే పూర్తిగా కోప్పడనివ్వండి. కారు ఎక్కించాక జరిగిందంతా లాగ్‌బుక్‌లో రాయండి. ఉదయం పెద్దవాళ్లు ముందుగా చదివేది దాన్నే.

ఇలాంటి రాత్రి మీరు సొంతంగా నెట్టుకొచ్చారా? లేకపోతే ఇప్పుడున్న హోటల్లోనే నైట్ డ్యూటీలు అడిగి తీసుకోండి. ఆ తర్వాత హోటళ్ల సొంత వెబ్‌సైట్ల ద్వారా నేరుగా దరఖాస్తు చేయండి. సూపర్‌వైజరు హోదాతోనే పిలిచినా కాదనకండి.

ఆఫర్ లెటర్ వచ్చాక మొత్తం జీతం చూసి మురిసిపోవద్దు, బేసిక్ ఎంతో చూడండి. మొదటి అయిదేళ్లకు గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కిస్తారు. బేసిక్ తక్కువైతే చివర్లో చేతికొచ్చేదీ తక్కువే. పాస్‌పోర్టు మాత్రం ఎవరి దగ్గరా ఉంచకండి, యజమాని దాన్ని అట్టిపెట్టుకోవడం అక్కడి చట్టానికే విరుద్ధం.

మీ భార్యకు వీసా కావాలంటే మీ జీతం కనీసం 4,000 దిర్హాములు, లేదా 3,000 దిర్హాములతో పాటు వసతి ఉండాలి. హోటళ్లు ఇచ్చేది చాలావరకు మరొకరితో పంచుకునే గది. అందులో సంసారం కుదరదు కాబట్టి వసతికి బదులు హౌసింగ్ అలవెన్సు అడగండి. ఇళ్ల అద్దెకు నెలల ముందుగానే చెక్కులు రాయించుకుంటారు. ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండవచ్చు. అది పూర్తయ్యాకే ఇల్లు తీసుకుని ఆమెను పిలిపించుకోండి.