విశ్వవిద్యాలయానికి ఇవ్వదలచిన తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. మనం చదువుకున్న విశ్వవిద్యాలయానికి నీ తదనంతరం కొంత ఆస్తి చెందేలా రాయాలని ఉందని, ఆ రాత ఎలా ఉండాలో చెప్పమని అడిగావు. చాలా సంతోషించాను. పూర్వ విద్యార్థుల తరఫున పదేళ్లకు పైగా ఉపకార వేతనాల సంఘంలో కూర్చున్నవాణ్ని గనుక, ఇచ్చేవారి మనసు ఎంత మంచిదైనా రాసిన కాగితం సరిగా లేకపోతే ఆ డబ్బు ఏమవుతుందో దగ్గరగా చూశాను. అందుకే ఈ లేఖ కాస్త పొడుగైనా ఓపికగా చదువు.

ఒక ఏడాది మా సమావేశానికి గుమాస్తా అంచులు నలిగిన ఫైలు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో ఒక వీలునామా నకలు, దాని వెనుక ఏటేటా బ్యాంకు పంపిన వడ్డీ లెక్కలు ఉన్నాయి. ఫలానా పేరు గల కోర్సులో చేరి, ఫలానా వసతిగృహంలో ఉంటూ, ఫలానా ఐచ్ఛికాంశం తీసుకుని, మొదటి సంవత్సరంలో ప్రథమ శ్రేణి తెచ్చుకున్న విద్యార్థికి మాత్రమే వేతనం ఇవ్వాలని దాత రాశారు. తాము చదివిన చదువును, తాము ఉన్న గదులను తలుచుకుని ఎంతో ప్రేమతో రాసి ఉంటారు. కానీ ఆ కోర్సు మరో శాఖలో కలిసిపోయింది, ఆ వసతిగృహాన్ని పాతబడిందని కూల్చేశారు. పదకొండేళ్లుగా ప్రతి లెక్కల కాగితం అడుగునా ‘అర్హులు లేరు’ అని ఒకే చేతిరాత కనిపించింది. ఫీజు కట్టలేక చదువు మానుకోవలసి వస్తోందని ఒక అమ్మాయి పెట్టుకున్న దరఖాస్తు ఆ రోజు అదే బల్ల మీద, ఆ ఫైలు పక్కనే ఉంది. షరతు మార్చాలంటే కోర్టుకు వెళ్లాలి. దాత లేరు, వారి పిల్లల చిరునామా ఎవరి దగ్గరా లేదు. మేము ఆ ఫైలు మూసి పక్కన పెట్టక తప్పలేదు. ఆ దాత బతికి ఉంటే ఆ అమ్మాయికే ఇమ్మని చెప్పి ఉండేవారని ఇప్పటికీ నా గట్టి నమ్మకం.

కాబట్టి నీ వీలునామాలో విరాళం ఎందుకోసమో రాసే వాక్యానికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటి దూరదృష్టి గలవాడు కూడా ఇక్కడ కాలాన్ని పూర్తిగా ఊహించలేకపోయాడు. 1790లో చనిపోతూ ఆయన బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరి వెయ్యి పౌండ్లు విడిచిపెట్టి, పని నేర్చుకుని పెళ్లి చేసుకున్న, ఇరవై అయిదేళ్ల లోపు చేతివృత్తివారికి ఆ డబ్బును చిన్న అప్పులుగా ఇస్తూ రెండు వందల ఏళ్లు పెంచమన్నాడు. 1990లో గడువు తీరేసరికి రెండు నిధులూ కలిపి అరవై లక్షల డాలర్లు దాటాయి. ఏళ్ల తరబడి వడ్డీకి తిప్పిన సొమ్ము ఎంతగా పెరుగుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఒక యజమాని దగ్గర ఏళ్ల తరబడి ఉండి పని నేర్చుకునే పద్ధతి అంతకు చాలా ముందే క్షీణించింది గనుక, ఆయన చెప్పిన అర్హతలతో అప్పు అడిగేవారే కరువయ్యారు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న సెసిల్ రోడ్స్ 1902లో తన వీలునామా ద్వారా నెలకొల్పిన ఉపకార వేతనాలు పురుషులకే పరిమితం కాగా, ఆ తలుపు స్త్రీలకు తెరుచుకోవడానికి 1977 దాకా పట్టింది.

అలాగని ‘విశ్వవిద్యాలయం మంచికి వాడుకోవచ్చు’ అని ఒక్క ముక్కలో వదిలేయమని నేను చెప్పను. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి అక్కడి పూర్వ విద్యార్థి చార్లెస్ రాబర్ట్‌సన్, ఆయన భార్య మేరీ 1961లో మూడున్నర కోట్ల డాలర్ల విరాళం ఇచ్చారు. ప్రభుత్వ సేవలో, ముఖ్యంగా విదేశీ వ్యవహారాల్లో పనిచేసేవారిని తయారుచేయాలన్నది వారి ఉద్దేశం. ఆ డబ్బు ఆ దారిన ఖర్చు కావడం లేదని వారి పిల్లలు 2002లో దావా వేశారు. 2008లో రాజీ కుదిరేలోగా ఇరుపక్షాల వకీళ్లకూ కోట్ల డాలర్లు పోశారు. ఉద్దేశం ఒకటే అయినా దాన్ని ఇచ్చినవారు ఒక విధంగా, పుచ్చుకున్నవారు మరో విధంగా అర్థం చేసుకుంటే ఎంత దూరం వెళుతుందో చూడు.

ఈ రెండిటి మధ్య నాకు అనుభవంలో సరిపోయిన పద్ధతి ఇది. వీలునామాలో ప్రయోజనాన్ని ఒక మాదిరి వెడల్పుగా, ‘ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల చదువు ఖర్చులకు’ అన్నట్టుగా రాయి. ఏ శాఖకు, ఎటువంటి విద్యార్థికి అన్న నీ ప్రత్యేకమైన కోరికను దానికి ఆనుకునే ‘వీలైనంత వరకు’ అన్న మాటతో చేర్చు. తరువాత, ఆ కోరిక నెరవేర్చడం సాధ్యం కాని కాలం వస్తే దానికి అతి దగ్గరగా ఉన్న ప్రయోజనానికి నిధిని వినియోగించే అధికారం పాలకమండలికి ఉంటుందని స్పష్టంగా రాయి. నేను చెప్పిన ఫైలులో ఈ చివరి వాక్యం ఒక్కటి ఉండి ఉంటే ఆ అమ్మాయి ఫీజు ఆ పూటే కట్టి ఉండేవాళ్లం.

ఇవ్వబోతున్నట్టు పుచ్చుకునేవారికి ముందే చెప్పడం కూడా అంతే అవసరం. ఆల్ఫ్రెడ్ నోబెల్ 1895లో న్యాయవాది సాయం లేకుండానే వీలునామా రాసుకున్నాడు. బహుమతి విజేతలను ఎంచవలసిన సంస్థల పేర్లు అందులో రాశాడు గాని, ఆ సంస్థలను ముందుగా అడగలేదు. మరుసటి ఏడాది ఆయన చనిపోయాక బంధువులు అభ్యంతరం చెప్పారు, సంస్థలు వెనుకాడాయి. మొదటి బహుమతులు ఇవ్వడానికి 1901 వచ్చింది. రాగ్నర్ సోల్‌మాన్ అనే యువకుడు వీలునామాను అమలు చేసే కార్యనిర్వాహకుడిగా ఆ భారం భుజాన వేసుకోకపోతే ఆ కోరిక ఏమయ్యేదో! నువ్వు మాత్రం చిత్తుప్రతి దశలోనే రిజిస్ట్రారుకు చూపించి, ఆ షరతులతో విరాళం స్వీకరించగలరో లేదో లిఖితపూర్వకంగా తెలుసుకో. విశ్వవిద్యాలయం చట్టబద్ధమైన పూర్తి పేరు కూడా ఆ జవాబులోనే అడిగి తీసుకో. మనం వాడుకలో పిలిచే పేరు వేరు, ఆస్తి స్వీకరించే సంస్థ లేదా ట్రస్టు పేరు వేరు కావచ్చు.

ఇంట్లో చెప్పడం ఇంకా కష్టమని నాకు తెలుసు. అయినా నీ భార్యకూ పిల్లలకూ నీ నోటితోనే చెప్పు. ఎంత ఇస్తున్నావో, ఎందుకిస్తున్నావో నువ్వు బతికుండగా విన్న పిల్లలు తరువాత ఆ నిధికి కాపలా కాస్తారు. వకీలు చదివి వినిపిస్తే గాని తెలియని పిల్లలు సహజంగానే నొచ్చుకుంటారు. ముందు ఇంటివారి అవసరాలకు లోటు లేకుండా చూసుకున్న తరువాతే ఈ విరాళం గురించి ఆలోచించు.

ఎంత అనే విషయంలో నిర్ణీత మొత్తం కన్నా వాటాగా రాయడం మేలు. నీ ఆస్తి పెరిగినా తరిగినా ఇంటివారికీ విశ్వవిద్యాలయానికీ మధ్య నువ్వనుకున్న తూకం చెడకుండా ఉంటుంది. మిగతా పంపకాలన్నీ అయ్యాక మిగిలినదానిలో ఇంత వంతు అని కూడా రాయవచ్చు. జీవితబీమా, డిపాజిట్లు అయితే వీలునామాతో పాటు నామినీ కాగితం కూడా మార్చాలా అని అడిగి తెలుసుకో. కొన్ని దేశాల్లో ఆ సొమ్ము నామినీకే చెందుతుంది, మరికొన్ని చోట్ల నామినీ దాన్ని అందుకుని వారసులకు అప్పగించవలసినవాడు మాత్రమే. ఇల్లు రాసిచ్చి బతికినంతకాలం అందులోనే ఉండే హక్కు నిలుపుకోవడం, డబ్బు ముందే ఇచ్చి జీవితాంతం ఏటా కొంత ఆదాయం పొందడం వంటి ఏర్పాట్లు కొన్ని చోట్ల చట్టం అనుమతిస్తుంది. వాటి జోలికి సొంత న్యాయవాది సలహా లేకుండా వెళ్లకు.

శాశ్వత నిధి అంటే అసలు సొమ్మును ముట్టుకోకుండా రాబడిలో కొంత భాగం మాత్రమే ఖర్చు చేసేది. నూరు పాళ్ల నిధి నుంచి ఏటా నాలుగైదు పాళ్లు వాడి, మిగిలిన రాబడిని ధరల పెరుగుదలకు ఎదురు నిలిచేలా అసలులో కలపడం చాలా విశ్వవిద్యాలయాల పద్ధతి. అంటే ఒక విద్యార్థి ఏడాది ఫీజు మొత్తం నిరంతరంగా కట్టాలంటే దానికి ఇరవై, ఇరవై అయిదు రెట్లు అసలు కావాలి. నీ వాటా అంత ఉండదనిపిస్తే సొంత పేరుతో విడిగా చిన్న నిధి పెట్టకుండా, ఇప్పటికే నడుస్తున్న నిధిలో కలపమని రాయి. పది సన్నని నిధులు పది ఫైళ్లవుతాయి. అవే కలిస్తే ఒక విద్యార్థి చదువు పూర్తవుతుంది. పతకాలకూ భవనాల మీద పేర్లకూ ఇచ్చేవారిని నేను తప్పుపట్టను గాని, చదువు ఆగిపోయే అంచున ఉన్నవారికి అందే సాయమే నా దృష్టిలో ముందు వరుసలో ఉంటుంది. నేను చదివిన రోజుల్లో నా ఫీజు అలాగే ఎవరో తెలియని ఒకరి నిధి నుంచి వచ్చింది.

మిగిలిన నియమాలు నీ న్యాయవాది చెబుతారు. సాక్షులుగా వీలునామాలో లబ్ధి పొందేవారిని పెట్టకు. కార్యనిర్వాహకుడు నీకన్నా వయసులో చిన్నవాడై ఉండాలి. అయిదేళ్లకొకసారి కాగితం తీసి చదువు. శాఖల పేర్లు, ఇంటి పరిస్థితులు మారి ఉంటే మార్చు.

ఈ వారంలోనే ఆ ప్రయోజన వాక్యం చిత్తుగా రాసి, ముందు ఇంట్లో చదివి వినిపించు, తరువాత నాకు పంపు. ‘వీలైనంత వరకు’ అన్న మాట ఎక్కడ పడిందో నేను చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య