అన్న అమ్మిన వైద్య గ్రంథాల్లో చెల్లెలికి వాటా ఉందా? వాటిని విదేశానికి పంపవచ్చా?

ప్రశ్న: మాది కావలి. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. పాత వైద్య గ్రంథాలు, ప్రకృతి శాస్త్ర గ్రంథాలు సేకరించడం నాకు ముప్పై ఏళ్ల అలవాటు. పోయిన ఏడాది ఆత్మకూరు దగ్గర ఒక పల్లెలో, కాలం చేసిన ఆయుర్వేద వైద్యుడి కుమారుడి వద్ద రెండు తాళపత్రాల కట్టలు, 1826లో లండన్‌లో అచ్చయిన ‘మెటీరియా ఇండికా’ సంపుటం ఒకటి కలిపి 40 వేల రూపాయలకు కొన్నాను. డబ్బు ఫోన్‌లో పంపాను, రసీదు తీసుకోలేదు. చెల్లెలు హైదరాబాదులో ఉందని, ఆమెకు వీటితో పని లేదని అతనే చెప్పాడు. ఒక కట్టలో మూలికల బొమ్మలు గంటంతో గీసి ఉన్నాయి. పుస్తకం ముఖపత్రంపై ఏదో గ్రంథాలయం ముద్ర సగం చెరిగి కనిపిస్తోంది. ఇప్పుడు ఆ చెల్లెలు, తండ్రి సొత్తులో తనకూ సగం ఉంది కనుక గ్రంథాలు తిరిగి ఇవ్వాలని లాయరు నోటీసు పంపింది. అమెరికాలో ఉన్న మా అబ్బాయి పుస్తకం కొరియర్‌లో పంపిస్తే అక్కడ మంచి ధరకు అమ్ముతానంటున్నాడు. నేనేం చేయాలి?

జవాబు: ముందుగా కొరియర్ ఆలోచన మానుకోండి. మీ ఇబ్బందుల్లో జైలు దాకా వెళ్లగలిగిన వాటిలో మొదటిది అదే. పురావస్తువులు, కళానిధుల చట్టం, 1972 ప్రకారం పురావస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, లేదా అది అనుమతించిన సంస్థకు మాత్రమే ఉంది. కొరియర్‌లో పంపినా, మీ అబ్బాయి సెలవులకు వచ్చి సూట్‌కేసులో పెట్టుకుపోయినా ఒకటే నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, దానితోపాటు జరిమానా.

ఆ చట్టంలో రాతప్రతికి ఒక కొలత, తక్కిన వస్తువులకు మరో కొలత ఉన్నాయి. శాస్త్ర, చారిత్రక, సాహిత్య విలువ ఉన్న రాతప్రతికి 75 ఏళ్లు నిండితే చాలు. గతకాలపు శాస్త్రానికో కళకో సాక్ష్యంగా నిలిచే ఇతర వస్తువులకు నూరేళ్లు నిండాలి. మీ కట్టలు గంటంతో రాసినవి కనుక మొదటి కొలత కిందికి వస్తాయి. అచ్చు పుస్తకం విషయంలో వాదనకు చోటుంది. అయితే వస్తువు ఈ దేశంలోనే తయారై ఉండాలని ఆ నిర్వచనం ఎక్కడా అనలేదు. పైగా ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన వైద్యుడు వైట్‌లా ఐన్స్‌లీ ఇక్కడి మందుల గురించి, వాటి తెలుగు, తమిళ పేర్లతో సహా రాసిన గ్రంథం. కాబట్టి దీన్ని పురావస్తువుగానే భావించి నడుచుకోవడం క్షేమమని నా అభిప్రాయం. ఒక వస్తువు పురావస్తువు అవునా కాదా అన్నదానిపై తుది మాట ఆర్కియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టర్ జనరల్‌ది, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారిది. అక్కడి నుంచి ‘ఇది పురావస్తువు కాదు’ అన్న ధ్రువపత్రం చేతికి వస్తే తప్ప పుస్తకం ఇల్లు దాటనివ్వకండి. మీ అబ్బాయికి పుటల ఫోటోలు పంపడానికి ఏ అడ్డంకీ లేదు. గ్రంథకర్త మరణించి 60 ఏళ్లు ఎప్పుడో దాటాయి కనుక కాపీరైటు కూడా లేదు.

దేశంలోపల కొనడం, దాచుకోవడం నేరం కాదు. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేసేవారికే లైసెన్సు కావాలి. అయితే బొమ్మలున్న రాతప్రతులను రిజిస్టరు చేయించాలి; వస్తువు చేతికి వచ్చిన 15 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలని చట్టం చెబుతోంది. మీకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యానికి కారణం రాసి, ఫోటోలు జతచేసి, రిజిస్ట్రేషన్ అధికారికి ఇప్పుడైనా దరఖాస్తు ఇవ్వండి. రిజిస్టరు చేయించకపోవడానికి ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. తనంతట తాను వచ్చిన వాడినీ, సోదాలో దొరికిన వాడినీ అధికారులు ఒకే కంటితో చూడరని నా అనుభవం. గంటపు గీతలు చట్టం చెప్పే బొమ్మల కిందికి వస్తాయా అన్న అనుమానం మీకు కలిగితే, దాన్ని తేల్చే పని కూడా ఆ అధికారికే వదలండి.

ఇక నోటీసు సంగతి. తండ్రి వీలునామా రాయకుండా పోయి, తల్లి కూడా లేకపోతే, ఆయన సొంత ఆస్తి హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకుకూ కూతురికీ చెరి సగం. పెట్టెలోని తాటాకులకు కూడా ఇదే లెక్క. అంటే మీకు అమ్మినతను సగానికే యజమాని. అయినా మీకు ఒక ఆధారం ఉంది. సహయజమానుల్లో ఒకరి దగ్గర, మిగతావారి అనుమతితో, వస్తువు పూర్తిగా ఉన్నప్పుడు, అతని వద్ద సద్బుద్ధితో, అమ్మే హక్కు అతనికి లేదని తెలియక కొన్నవారికి పూర్తి హక్కు వస్తుందని వస్తు విక్రయ చట్టం, 1930లోని 28వ సెక్షన్ చెబుతోంది. తాళం చెవి అన్న దగ్గరే వదిలి ఆమె ఏళ్ల తరబడి హైదరాబాదులో ఉన్నదని చూపగలిగితే ఈ సెక్షన్ మీకు బాగా పనికొస్తుంది. చిక్కల్లా మీ ఉత్తరంలోని ఒక్క వాక్యంతోనే. చెల్లెలు ఉందని కొనేనాటికే మీకు తెలుసు. చెల్లెలు ఉందని తెలియడమూ, ఆమె ఒప్పుకోలేదని తెలియడమూ ఒకటి కాదని మీ వకీలు వాదిస్తారు. ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండవచ్చు కదా అని ఎదుటి వకీలు అంటారు. కోర్టు ఎటు మొగ్గుతుందో నేను హామీ ఇవ్వలేను.

అందువల్ల నోటీసుకు గడువులోగా, 28వ సెక్షన్‌ను ప్రస్తావిస్తూ జవాబు ఇప్పించి, పక్కనే రాజీ మాట కూడా కదపండి. ఆమెకు నిజంగా రావలసినది అన్న తీసుకున్న 40 వేలలో సగం. దాన్ని అతని చేత ఇప్పించి, అమ్మకానికి తన సమ్మతి ఉందని ఆమె చేత ఒక పత్రం రాయించుకుంటే రసీదు లేని లోటు కూడా తీరుతుంది. ఆ పత్రంలో కట్టల సంఖ్య, ఒక్కో కట్టలోని ఆకుల లెక్క, పుస్తకం సంవత్సరం రాయించండి. డబ్బు పంపిన ఫోన్ రికార్డు అచ్చు తీసి భద్రపరచండి.

చివరగా ఆ ముద్ర. గ్రంథాలయం దాన్ని నిజంగా తొలగించి అమ్మేసిన పుస్తకమైతే సాధారణంగా ఆ సంగతి తెలిపే మరో ముద్రో సంతకమో ఎక్కడో ఒకచోట ఉంటుంది. లోపలి పుటలు కూడా ఓపికగా తిప్పి చూడండి. అది కనబడకపోతే, చదవగలిగిన అక్షరాలను బట్టి ఆ గ్రంథాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాయండి. దొంగిలించిన వస్తువైతే వైద్యుడి కొడుకుకే హక్కు లేదు, అతని నుంచి మీకూ రాదు. దొంగసొత్తని తెలిసీ ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ధర తగ్గుతుందని పాత ముద్రలను గీకేసే అలవాటు కొందరు సేకర్తల్లో ఉంది. మీరు మాత్రం దానిమీద రబ్బరు కూడా పెట్టవద్దు.