పెద్ద విశ్వవిద్యాలయం పిలిస్తే వెళ్లాలా?

ప్రశ్న: తిరుపతిలోని ఒక కళాశాలలో తొమ్మిదేళ్లుగా బాస్కెట్‌బాల్ కోచ్‌గా ఉన్నాను. మా జట్టు వరుసగా గెలుస్తుండటంతో చెన్నైలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయం రెట్టింపు జీతానికి పిలుస్తోంది. వెళ్లమంటారా?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: జీతం సంగతి మీ ఇంటి అవసరాలే తేల్చాలి. అమెరికా కళాశాలల్లో ఇదే సందిగ్ధం ఎదురైన ఇద్దరి అనుభవం మాత్రం గమనించదగినది. వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయాన్ని 2011లో జాతీయ టోర్నమెంట్ సెమీఫైనల్ వరకు నడిపించిన షాకా స్మార్ట్, 2015లో ఎంతో పెద్దదైన టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, అక్కడ ఆరు సీజన్లు పనిచేసినా ఆ టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేకపోయారు. 1999 నుంచి గొంజాగా అనే చిన్న విశ్వవిద్యాలయాన్నే అంటిపెట్టుకున్న మార్క్ ఫ్యూ, తన జట్టును 2017లోనూ 2021లోనూ ఫైనల్‌కు చేర్చారు. అందుకని ఉండిపొమ్మని నేను అనను; గొంజాగా 2004లో కొత్త ఇండోర్ స్టేడియం తెరిచి ఆయనకు అండగా నిలిచింది. నవంబరు వానల్లోనూ సాధన సాగేలా పైకప్పున్న కోర్టు, ఆటగాళ్ల ఎంపికలో తుది నిర్ణయం మీ యాజమాన్యం ఇస్తుందేమో ముందు అడగండి. కాదంటే నిస్సంకోచంగా వెళ్లండి, కానీ మిమ్మల్ని నమ్మి చేరిన పిల్లలకు ఆ మాట మీ నోటితోనే, సీజన్ ముగిశాక చెప్పండి.