కొడుకు ఉద్యోగం చూసి తల్లికి పింఛను ఆపడం న్యాయమేనా?

ప్రశ్న ఇది: "అమ్మకు 67 ఏళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో ఉంటుంది. తమ్ముడు ఆర్టీసీ కండక్టరు, అమ్మ వాడి దగ్గరే. వృద్ధాప్య పింఛనుకు వెళ్తే సిక్స్ స్టెప్ (ఆరు మెట్ల వడపోత)లో పోయిందన్నారు. ఆస్తీ ఆదాయం చూసి పింఛను ఇవ్వడం న్యాయమేనా?"

చూడటంలో తప్పు లేదండీ. పదెకరాల మాగాణి ఉన్న ఆసామికీ, ఇటుక బట్టీలో నడుం విరిగిన మనిషికీ నెలకు ఒకే 4,000 ఇవ్వాలని ఎవరూ అనరు. తేడా అంతా ఎవరిది చూస్తున్నారన్న దగ్గరుంది. మీ అమ్మగారి చేతిలో ఎంత ఆడుతోందని ఎవరూ అడగలేదు. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో, అంటే ఒక ఇంట్లో ఎవరెవరున్నారో ప్రభుత్వం రాసుకున్న లెక్కలో, ఆమె పక్కన ఎవరి పేరు ఉందో చూశారు. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులే కాబట్టి మీ తమ్ముడి పేరు దగ్గర ఆగిపోయింది. జీతం ఎంత, అందులో ఆమె మందులకు ఎంత వెళ్తోంది అన్నది ఆ లెక్కలో లేదు.

నిబంధనలు 2019 డిసెంబరు నాటివి. కుటుంబ ఆదాయం నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 లోపు ఉండాలి. ఇది కాక ఆరు: మాగాణి 3 ఎకరాల లోపు లేదా మెట్ట 10 ఎకరాల లోపు (రెండూ కలిపినా 10 దాటకూడదు), కరెంటు నెలకు 300 యూనిట్ల లోపు, ఇంట్లో నాలుగు చక్రాల బండి ఉండకూడదు (ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఫర్వాలేదు), ప్రభుత్వ ఉద్యోగి గానీ ప్రభుత్వ పింఛనుదారు గానీ ఉండకూడదు (పారిశుధ్య కార్మికులకు మినహాయింపు), ఆదాయపన్ను కట్టేవాళ్లు ఉండకూడదు, పట్నంలో అయితే ఇల్లు 1,000 చదరపు అడుగుల లోపు.

ఆ ఆరే సిక్స్ స్టెప్. ఆదాయం అందులో లేదు, గమనించారా? ఎందుకంటే దాన్ని కొలిచే దారి ఎవరి దగ్గరా లేదు. కూలి డబ్బు ఏ సర్వర్‌లోనూ ఉండదు. నిజంగా కొలిస్తే ఎవరూ మిగలరు కూడా. 2025-26లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రానికి రోజుకు 307 రూపాయలు. ఆ రేటుకే ఇంట్లో ఇద్దరు నెలకు ఇరవై రోజులు ఎక్కడైనా పనికి వెళ్తే 12,280. పల్లెలో గీత దాటినట్టే. 2019-20లో అదే కూలి 211. కూలి పెరిగింది గానీ 10,000 గీత పెరగలేదు. ఇంట్లో ఇద్దరున్నా ఏడుగురున్నా అదే గీత. పైగా 9,900 వచ్చే ఇంట్లో ముసలమ్మకు 4,000 కలిస్తే 13,900 అవుతుంది. 10,100 వచ్చే ఇంటికి ఆ 10,100 మాత్రమే. గీత దాటింది రెండు వందలు కూడా కాదు, పోయింది నాలుగు వేలు. దాటిన కొద్దీ కొంచెం కొంచెంగా తగ్గించే పద్ధతి పెట్టొచ్చు గానీ, 3,150 రూపాయల పింఛను ఇచ్చామని ఏ సభలో చెప్పుకుంటారు?

కాబట్టి ఆదాయం బదులు దాని జాడలు చూస్తారు. కంప్యూటర్‌కు కనబడే జాడ ఉన్నవాడు దొరుకుతాడు, లేనివాడు దర్జాగా దాటిపోతాడు. కొడుకు డాలస్‌లో ఉంటే అతని పేరు ఇక్కడి మ్యాపింగ్‌లో ఉండదు, పన్ను అక్కడ కడతాడు. తల్లి బీరువాలో ముప్పై కాసులున్నా, ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తిప్పుతున్నా ఆరు మెట్లలో ఒక్కటీ తగలదు. కండక్టరు తల్లికి మాత్రం తగిలింది.

కరెంటు మెట్టు సంగతి కాస్త దగ్గరగా చూడండి, చాలామంది కాలు జారేది అక్కడే. ఒక పెద్దావిడ ఉందనుకోండి. మూడు వాటాల డాబా, భర్త పోయాక ఇల్లు ఆవిడ పేరుకు మారింది. కింద ఒక గదిలో ఆవిడ, మిగిలిన రెండు వాటాల్లో అద్దెకున్నవాళ్లు. మూడు మీటర్లూ ఆవిడ పేరునే ఉన్నాయి, మూడింటికీ ఆవిడ ఆధారే ఎక్కింది. ఆవిడ వాడేది ఒక ఫ్యాను, రెండు బల్బులు, వార్తల వేళకు టీవీ. పై వాటా వాళ్లకు ఏసీ ఉంది. మూడు సర్వీసులూ కలిపితే నెలకు సగటున 410 యూనిట్లు. గ్రామ, వార్డు సచివాలయంలో స్క్రీన్ మీద ఎర్రగా, అంటే అర్హత లేదని, పడింది. ఆవిడ తన బిల్లు తీసి చూపిస్తే 46 యూనిట్లు, కానీ బిల్లు కాగితం మీది అచ్చు సగం చెరిగిపోయింది. మీటర్ రీడర్ ఇచ్చే ఆ కాగితం ఎండ తగిలితే రెండు నెలలకు తెల్లబడుతుంది, అందుకే వచ్చిన రోజే జిరాక్స్ తీయించి పెట్టుకోవాలి. ఇలాంటప్పుడు సచివాలయంలో వాదించి లాభం లేదు. అక్కడ ఉన్న వెల్ఫేర్ అసిస్టెంటు యూనిట్లు మార్చలేడు, ఆయనకూ ఆ ఎరుపే కనిపిస్తుంది. సర్వీసు నంబర్లన్నీ రాసుకుని, ఏడాది బిల్లులు, అద్దె కాగితం పట్టుకుని కరెంటు ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దగ్గరకు వెళ్లి, తను వాడని సర్వీసుల నుంచి ఆధార్ తీయించాలి. ఆ తర్వాతే సచివాలయంలో గ్రీవెన్స్ (ఫిర్యాదు) పెట్టాలి. వరస తారుమారైతే మళ్లీ అదే ఎరుపు.

మిగతా మెట్లకూ ఇంతే, తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే దిద్దాలి. వెబ్‌ల్యాండ్‌లో (భూముల ఆన్‌లైన్ రికార్డులో) ఎవరి పొలమో మీ ఆధార్‌కు ఎక్కితే వీఆర్వో ద్వారా తహసీల్దారు దగ్గర. కారు అమ్మేసినా కొన్నవాడు పేరు మార్చుకోకపోతే రవాణా ఆఫీసులో. బ్యాంకు లోను కోసం పన్నేమీ లేకుండా రిటర్న్ వేసిన పిల్లలుంటే, పన్ను సున్నా అని తేలే రిటర్న్ కాపీలు మూడేళ్లవి చూపించాలి. లోను ఇప్పిస్తానని పాతిక వేల జీతగాడితో రిటర్న్ వేయించే ఏజెంట్లు, దానివల్ల ఇంట్లో ముసలివాళ్లకు ఏమవుతుందో ఒక్కడూ చెప్పడు.

ఇంకో చిక్కు ఉంది. కొడుకు ఉద్యోగం ఉంది కాబట్టి తల్లిని చూసుకుంటాడని ప్రభుత్వం అనుకుంటోంది. అదే ప్రభుత్వ వ్యవస్థలో 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా ఉంది, చూడని కొడుకు నుంచి నెలకు 10,000 దాకా ఇప్పించమని ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. అంటే చూడని కొడుకులుంటారని తెలుసు. తెలిసీ ఆ 4,000 కోసం ఆ ముసలామెను కొడుకు మీద కేసుకు పంపుతారు. ఎంతమంది తల్లులు వెళ్తారు? వెళ్లరు. బదులుగా కాగితం మీద వేరు కాపురాలు పుట్టుకొస్తాయి, అమ్మ పేరు పక్కింట్లో ఉండే కూతురి రైస్ (రేషన్) కార్డులోకి వెళ్తుంది. నిజం చెప్పిన ఇల్లు నష్టపోతుంది.

తెలంగాణలోనూ ఇదే తంతు, అంకెలు వేరు. మాగాణి 3, మెట్ట ఏడున్నర ఎకరాలు, పింఛను 2,016. కేంద్రం తన వాటాగా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు ఇచ్చే 200 అయితే 2007 నుంచీ కదల్లేదు, అదీ దారిద్య్రరేఖ కిందివాళ్లకే. బ్రిటన్‌లో 2024లో పెద్దవాళ్లకు చలికాలం ఇచ్చే సొమ్మును ఇలాగే వడపోశారు. గోల లేచింది, మరుసటి ఏడాదికే వెనక్కి తగ్గి, ముందు ఇచ్చేసి, ఏడాదికి 35,000 పౌండ్లు దాటిన వాళ్ల దగ్గర పన్నులో తిరిగి వసూలు చేసే పద్ధతికి వచ్చారు. అక్కడా చూసేది ఆ పెద్దాయన సొంత ఆదాయమే, కొడుకుది కాదు. మన దగ్గరా మనిషిని బట్టి ఇస్తే చాలు: ఆమె పేరున పొలం, ఆమెకు వచ్చే ప్రభుత్వ పింఛను, ఆమె కట్టే పన్ను, ఇవే చూడాలి. మ్యాపింగ్ గోలంతా అక్కడితో పోతుంది.

మీ అమ్మగారి విషయానికి వస్తే, తమ్ముడు నిజంగానే ఉద్యోగి కాబట్టి ఆ ఇంటి లెక్కలో ఉన్నంతవరకు గ్రీవెన్స్ పెట్టినా నిలవదు. ఆమె నిజంగా మీ దగ్గరకు వచ్చి ఉండేటట్టయితే ముందు మీ ఇంటి ఆరు మెట్లూ చూసుకోండి, మీ కార్డులో ఇప్పటికే ఒక పింఛను ఉంటే మామూలుగా రెండోది రాదు. ఆధార్‌లో చిరునామా, తర్వాత మ్యాపింగ్, తర్వాత రైస్ కార్డు, ఆ తర్వాత దరఖాస్తు, ఈ వరసలోనే వెళ్లండి. సచివాలయంలో "రాదమ్మా" అని నోటిమాటగా చెబితే ఊరుకోవద్దు. ఏ మెట్టులో, ఎవరి ఆధార్ మీద పోయిందో ప్రింటు తీసి ఇవ్వమనండి. ఆ కాగితం లేకుండా ఎంపీడీవో దగ్గరకు వెళ్లినా మళ్లీ సచివాలయానికే పొమ్మంటారు.