మెకార్థీయిజాన్ని ‘వాదం’ అనవచ్చా?

సందేహం: 1950లలో అమెరికా రిపబ్లికన్ సెనేటర్ జోసెఫ్ మెకార్థీ పేరుతో సాగిన కమ్యూనిస్టుల వేట గురించి రాస్తున్నాను. మార్క్సిజాన్ని మార్క్సువాదం అన్నట్టే మెకార్థీయిజాన్ని ‘మెకార్థీవాదం’ అనవచ్చా? ‘రెడ్ స్కేర్‌’కు ‘ఎర్రభయం’, ‘విచ్ హంట్‌’కు ‘కక్షసాధింపు’ సరిపోతాయా?

సమాధానం: తెలుగులో ‘వాదం’ అనగానే దాన్ని నమ్మి వాదించేవారు ఉంటారనుకుంటాం. గాంధీవాదం ఉంది, గాంధీవాదులూ ఉన్నారు. మెకార్థీయిజం అలాంటి సిద్ధాంతం కాదు. అది నింద మోపే ఒక పద్ధతి. పైగా మాట పుట్టింది తిట్టుగా. 1950 మార్చి 29న వాషింగ్టన్ పోస్టులో కార్టూనిస్టు హెర్బ్‌లాక్ వేసిన బొమ్మలో అది కనిపించింది. తరవాత మెకార్థీయే దాన్ని గొప్పగా చెప్పుకున్నా, ఆ నింద అర్థమే నిలిచింది. కాబట్టి ‘మెకార్థీయిజం’ అనే ఉంచండి. విడమరచి చెప్పాల్సిన చోట ‘మెకార్థీ తరహా వేధింపు’ అనండి. ‘మెక్‌కార్తీ’ అని క రెండుసార్లు రాయనక్కరలేదు, పలకడంలో క ఒకటే. థియేటర్‌కు థ రాసే అలవాటు ఉంది కనుక ఇక్కడా థ మేలు.

పేరు ఆయనదే గానీ వ్యవహారమంతా ఆయనది కాదు. తెలుగు వ్యాసాల్లో తరచూ దొర్లే తప్పు ఇక్కడే ఉంది: హాలీవుడ్ రచయితలను మెకార్థీ విచారించాడని రాస్తారు. ఆయన సెనేటరు. 1947లో హాలీవుడ్ వాళ్లను పిలిచింది ప్రతినిధుల సభకు చెందిన కమిటీ. మెకార్థీ పేరు దేశమంతా మోగింది 1950 ఫిబ్రవరి 9న వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని వీలింగ్‌లో చేసిన ప్రసంగంతో. విదేశాంగ శాఖలోని కమ్యూనిస్టుల సంఖ్య 205 అన్నాడని పత్రికలు రాశాయి. తరవాత 57 అన్నాడు, సెనేట్‌లో 81కి చేరాడు. అప్పటికి దాదాపు మూడేళ్ల ముందే, 1947 మార్చి 21న, ప్రభుత్వోద్యోగుల విశ్వాసపాత్రతను విచారించే ఉత్తర్వుపై సంతకం చేసింది డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్. ఆ విచారణల్లో తనపై చెప్పినది ఎవరో చాలాసార్లు ఉద్యోగికి తెలిసేది కాదు.

ఇక ‘ఎర్రభయం’. ఎర్రగులాబీలా విశేషణం ముందున్న కర్మధారయంగా చూస్తే ‘ఎర్రనైన భయం’ అవుతుంది. మీకు కావలసింది దొంగభయం లాంటి పంచమీ తత్పురుష: దొంగ వలన భయం. అందుకే ‘కమ్యూనిస్టు భయం’ నయం. ‘కమ్యూనిస్టు బూచి’ అని కూడా రాస్తుంటారు. మాట అచ్చంగా మనదే గానీ జాగ్రత్తగా వాడాలి. బూచి అంటే లేనిదాన్ని చూపి జడిపించడం. మెకార్థీ జాబితాలకు అది చక్కగా అతుకుతుంది. ఆ కాలమంతటికీ అతకదు, ఎందుకంటే సోవియట్ గూఢచారులు నిజంగానే ఉన్నారు. అమెరికా విప్పిచదివిన సోవియట్ రహస్య సందేశాలు 1995లో బయటికొచ్చాక దాన్ని కాదనడం కష్టం. సిసలైన గూఢచారులు కొందరుంటే, ఆ పేరుతో వేటాడింది ఉపాధ్యాయులను, నటులను, యూనియన్ కార్యకర్తలను. 1919–20లో కూడా ఒక ‘రెడ్ స్కేర్’ నడిచింది కాబట్టి ఏ కాలానిదో చెప్పడం మరవకండి.

‘కక్షసాధింపు’ సరిపోదు. కక్ష ఉండాలంటే పాత పగ ఉండాలి. ఇక్కడ నింద మోపడానికి ముఖపరిచయమైనా అక్కర్లేదు, పదేళ్ల కింద ఒక సభకు వెళ్లినా చాలు. ‘మంత్రగత్తెల వేట’ అనువాదపు వాసన వేసినా అర్థానికి దగ్గర. చేతబడి చేస్తున్నావని నింద పడ్డవాళ్లు తాము చేయలేదని ఎలా రుజువు చేసుకుంటారు? మనవైపు పల్లెల్లోనూ ఆ నిందకు ప్రాణాలు పోయాయి కనుక పాఠకుడికి మరో వివరణ అక్కర్లేదు.

మీరు అడగకపోయినా క్రియల గురించి చెప్పాలి, అసలు పొరపాట్లు అక్కడే ఎక్కువ. ‘తాను కమ్యూనిస్టునని ఒప్పుకున్నాడు’ అంటే అది నేరమని మీరే తేల్చినట్టు. 1930లలో కమ్యూనిస్టు పార్టీ అధ్యక్ష ఎన్నికల్లో పోటీ చేసిన పార్టీ. ‘సభ్యుడినేనని చెప్పాడు’ చాలు. ‘తోటివాళ్ల పేర్లు బయటపెట్టాడు’ కూడా తప్పే. చాలాసార్లు ఆ పేర్లు కమిటీ దగ్గర ముందే ఉండేవి. కావలసింది సమాచారం కాదు, సాక్షి లొంగుబాటు. ‘పేర్లు చెప్పాడు’ అనండి.

అమెరికా రాజ్యాంగ సవరణల సంగతికొస్తే, ‘ఐదో సవరణ తీసుకున్నాడు’ అనేది తెలుగు కాదు, ‘ఐదో సవరణను ఆశ్రయించాడు’ అనాలి. దాన్ని మొదటి సవరణతో కలపకండి. 1947లో కమిటీకి జవాబు చెప్పనన్న హాలీవుడ్ రచయితలు, దర్శకులు తదితర పదిమంది పట్టుకున్నది వాక్‌స్వాతంత్ర్యాన్నిచ్చే మొదటి సవరణను. అది కాపాడలేదు. సభాధిక్కారం కింద ఎనిమిదిమందికి ఏడాది, ఇద్దరికి ఆరు నెలలు జైలు పడింది. ఐదోది, తన నోటితో తననే ఇరికించుకోనక్కరలేదనేది, జైలు తప్పించేది గానీ ఉద్యోగాన్ని నిలిపేది కాదు. అందులోనూ మెలిక ఉంది: తన సభ్యత్వం గురించి చెప్పేశాక, ఇతరుల గురించి చెప్పనని ఆ సవరణ చాటుకు వెళ్లడం కుదరదని 1951లో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే చాలామంది మొదటి ప్రశ్నకే నోరు విప్పలేదు. దాన్ని ‘నేరాన్ని దాచారు’ అని రాయకండి.

దేశానికి విధేయులమని ఉద్యోగులతో చేయించిన ‘లాయల్టీ ఓత్‌’కు ‘విధేయతా ప్రమాణం’ పనికొస్తుంది. ఉత్తరం చివర ‘మీ విధేయుడు’ గుర్తొచ్చి వెనకాడనక్కరలేదు. మన మంత్రులు ‘భారత రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని’ ప్రమాణం చేసేది ఆ మాటతోనే.