షార్జా కారును సోంపేటకు తేవాలా, అక్కడే అమ్మేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. పద్నాలుగేళ్లుగా షార్జాలో ఫోర్‌మన్‌గా పనిచేస్తున్నాను. మూల వేతనం నెలకు 3,000 దిర్హామ్‌లు. వచ్చే మార్చిలో ఉద్యోగం మానేసి శాశ్వతంగా ఇంటికి వచ్చేస్తున్నాను. నా దగ్గర 2014 మోడల్ టయోటా కరోలా ఉంది, దాని మీద అప్పు లేదు. ఇక్కడ అమ్మితే 16,000 దిర్హామ్‌లు వస్తాయి. ఇన్నేళ్లలో ఒక్క రోజు ఇబ్బంది పెట్టని బండిని వదులుకోవడానికి మనసు రావడం లేదు. మూడు లక్షల రూపాయలిస్తే విశాఖ రేవుకు చేర్చి, సుంకం లేకుండా విడిపించి, రిజిస్ట్రేషన్ కూడా చేయిస్తానని ఒక ఏజెంటు అంటున్నాడు. ముందుగా లక్ష అడుగుతున్నాడు. అది కుదరకపోతే గ్రాట్యుటీ సొమ్ముకు కొంత అప్పు కలిపి, పదకొండు లక్షల్లో కొత్త ఎస్‌యూవీ కొందామనుకుంటున్నాను. అమ్మను కిడ్నీ వైద్యానికి నెలకు రెండుసార్లు పలాసకు, రెండు నెలలకోసారి విశాఖకు తీసుకెళ్లాలి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ లక్ష రూపాయలు ఇంకా చేతులు మారలేదనే అనుకుంటున్నాను. దయచేసి ఇవ్వకండి. మీ కారు ఎంత బాగున్నా మన దేశంలోకి రాదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, ముంబయి రేవు ద్వారానే రావాలి. మీది పదేళ్లు దాటిన బండి, పైగా ఎడమవైపు స్టీరింగు. విశాఖ రేవులో దింపుతానన్న ఒక్క మాట చాలు, ఆ ఏజెంటుకు నిబంధనలు తెలియవని చెప్పడానికి. తెలిసే అలా చెబుతుంటే మరింత ప్రమాదం. స్టీరింగు మార్పించి తెస్తానని అతను రేపు కొత్త పాట ఎత్తుకోవచ్చు. స్టీరింగు మారినంత మాత్రాన కారు వయసు తగ్గదు.

‘సుంకం లేకుండా’ అన్న మాట గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గల్ఫ్ నుంచి వచ్చేవారిలో చాలామంది దీన్ని నమ్ముతున్నారు. ఏళ్ల తరబడి విదేశంలో ఉండి శాశ్వతంగా తిరిగివచ్చేవారికి ఇంటి సామాను మీద కస్టమ్స్ రాయితీ ఉన్న మాట నిజమే. ఆ రాయితీ బ్యాగేజీకి వర్తిస్తుంది. 1962 నాటి కస్టమ్స్ చట్టం బ్యాగేజీకి ఇచ్చిన నిర్వచనంలోనే మోటారు వాహనాలు అందులోకి రావని స్పష్టంగా ఉంది. ఫ్రిజ్, టీవీ, వాషింగ్ మెషీన్‌కు దొరికే వెసులుబాటు కారుకు దొరకదు. మూడేళ్లలోపు వయసున్న కుడి స్టీరింగు కారే తెచ్చినా, సుంకాలూ పన్నులూ కలిపి కారు విలువను మించిపోతాయి. మీ కరోలా ఓడెక్కితే జరిగేది ఒక్కటే: రేవులో చిక్కుకుపోతుంది, నిల్వ రుసుము రోజురోజుకూ పెరిగి ఖర్చు తడిసి మోపెడవుతుంది, చివరికి కారూ దక్కదు, డబ్బూ దక్కదు.

కాబట్టి అక్కడే అమ్మేయండి. మీరు ఉన్నది షార్జాలో కావడం కలిసొచ్చే విషయం. సూక్ అల్ హరాజ్ లాంటి పెద్ద పాత కార్ల మార్కెట్ అక్కడే ఉంది. గల్ఫ్ నుంచి పాత కార్లను ఆఫ్రికా దేశాలకు ఎగుమతి చేసే వ్యాపారులు కరోలా లాంటి బండ్లను ఇష్టంగా కొంటారు. ఒకరు చెప్పిన ధరకే సరే అనకుండా ముగ్గురు నలుగురిని అడగండి. తొందర పడుతున్నట్టు కనిపించకండి. అందుకే ప్రయత్నం జనవరిలోనే మొదలుపెట్టాలి. విమానం టికెట్ చేతిలో పట్టుకుని అమ్మేవాడికి ఎవరూ సరైన ధర ఇవ్వరు. పెండింగులో ఉన్న జరిమానాలన్నీ కట్టేయండి, పాసింగ్ (వాహన తనిఖీ) గడువు చూసుకోండి, ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) కొన్నవారి పేరు మీదకు మారిన తర్వాతే తాళాలు ఇవ్వండి. ‘తర్వాత మార్చుకుంటాను’ అనేవారికి అమ్మితే, మీరు సోంపేటలో ఉండగా షార్జాలో మీ పేరు మీద జరిమానాలు పడతాయి. వీసా రద్దయ్యేలోగా ఈ పని పూర్తి కావాలి.

ఇక నాకు నిజంగా ఆందోళన కలిగించింది మీ ఉత్తరంలోని రెండో ఆలోచన. గ్రాట్యుటీ ఎంత వస్తుందో మీరు రాయలేదు, నేను లెక్క వేశాను. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ఏడాదికి 30 రోజులది రావాలి. మీకు రోజుకు 100 దిర్హామ్‌లు. మొదటి ఐదేళ్లకు 10,500, మిగిలిన తొమ్మిదేళ్లకు 27,000, మొత్తం 37,500 దిర్హామ్‌లు. దిర్హామ్‌కు 23 రూపాయల చొప్పున చూసినా ఎనిమిది లక్షల అరవై వేలు. పద్నాలుగేళ్లు ఇంటికి దూరంగా ఎండలో నిలబడి సంపాదించిన సొమ్ము ఇది. ఏప్రిల్ నుంచి మీకు నెల జీతం ఉండదు. ఇక్కడ ఏ పని మొదలుపెడతారో కూడా మీరు రాయలేదు. అలాంటప్పుడు ఉన్నదంతా ఒక వాహనంలో పోసి, పైగా నెలనెలా వాయిదా పెట్టుకోవడాన్ని నేను ఒప్పుకోలేను.

మీ చక్రం ఏడాదికి ఎంత తిరుగుతుందో చూద్దాం. పలాసకు వెళ్లిరావడానికి డెబ్భై కిలోమీటర్లనుకుంటే ఏడాదికి దాదాపు 1,700. విశాఖ రాకపోకలు నాలుగు వందల చొప్పున ఆరుసార్లు, అంటే 2,400. పెళ్లిళ్లు, సంత, బంధువుల ఊళ్లు కలిపి మరో 2,500 వేయండి. అంతా కలిపి 6,500 కిలోమీటర్ల పైచిలుకు. పదకొండు లక్షల కారు ఐదేళ్లలో సగం విలువ కోల్పోతుందనుకుంటే ఏడాదికి 1,10,000 అరిగిపోయినట్టే. బీమా, సర్వీసింగ్ కలిపి మరో 35,000 అనుకోండి. పెట్రోలు పోయకముందే కిలోమీటరుకు 22 రూపాయలు పడుతుంది, అప్పు మీద వడ్డీ ఇంకా కలపలేదు. నాలుగున్నర లక్షల్లో మంచి పాత చిన్న కారు కొంటే తరుగుదల, బీమా, మరమ్మతులు అన్నీ కలిపి ఏడాదికి 70,000 దాటకపోవచ్చు, అంటే కిలోమీటరుకు 11 రూపాయలు. ఈ రెండింటి పక్కన మీ ఊళ్లో అద్దె కారు కిలోమీటరు ధర కూడా రాసి చూడండి. మీ ఇంట్లో రోగి ఉన్నారు, అర్ధరాత్రి అవసరం పడవచ్చు, అందుకే సొంత కారు వద్దని అనడం లేదు. కరోలా అమ్మితే 3,68,000 రూపాయలు వస్తాయి. దానికి ఎనభై, తొంభై వేలు కలిపి కారు కొనండి. గ్రాట్యుటీని మాత్రం ముట్టుకోవద్దు.

కొత్తదే కావాలని ఇంట్లో పట్టుబడితే, నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజన్ ఉన్న కారు దగ్గర ఆగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వీటి మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, పెద్ద కార్ల మీద 40 శాతం ఉంది. షోరూం ధర చూసి లెక్కలు వేసుకోకండి, లైఫ్ టాక్స్, బీమా కలిపిన ధర అడగండి.

పాత కారు వెతికేటప్పుడు మీ ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. ఇచ్ఛాపురం దాటితే బరంపురం. అక్కడ ఒడిశా రిజిస్ట్రేషన్ కార్లు కాస్త చవకగా కనిపిస్తాయి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టి, పన్నెండు నెలల్లోపు ఏపీ నంబరు వేయించుకోవాలి. ఆ ఖర్చులు కలిపితే చవకతనం చాలావరకు ఆవిరైపోతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపే వెతకడం మేలు. కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి ఫైనాన్స్ బాకీ, చలానాలు చూడండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వరదకు కార్లు మునిగాయి, కాబట్టి కృష్ణా వైపు నుంచి వచ్చిన బండి అయితే బీమా క్లెయిమ్ చరిత్ర తప్పకుండా అడగండి. బారువ తీరం పక్కనే ఉన్న మీకు ఉప్పు గాలి గురించి నేను చెప్పనక్కర్లేదు. తీరంలో తిరిగిన కారైతే లిఫ్టు మీద ఎత్తించి అడుగు భాగం తుప్పు పట్టిందేమో చూపించుకోండి.

గ్రాట్యుటీ సంగతికి వస్తే, ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లోపు కంపెనీ బకాయిలన్నీ చెల్లించాలి. డబ్బు ఖాతాలో పడకముందే ‘అంతా ముట్టింది’ అని సంతకం పెట్టకండి. అక్కడి బ్యాంకు ఖాతాను చివరి దాకా ఉంచి, కారు సొమ్మునూ గ్రాట్యుటీనీ బ్యాంకు ద్వారానే మీ ఎన్ఆర్ఈ ఖాతాకు (ప్రవాసులు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) పంపండి. పావలా ఎక్కువ వస్తుందని హవాలా జోలికి వెళ్లవద్దు, రేపు ఆ డబ్బు ఎక్కడిదని ఎవరైనా అడిగితే చూపడానికి మీ దగ్గర కాగితం ఉండదు. ఇంటికి చేరాక మీరు తిరిగివచ్చిన సంగతి బ్యాంకుకు చెప్పి దాన్ని మామూలు నివాసి ఖాతాగా మార్పించుకోండి. ఆ సొమ్ములో ఎనిమిది నెలల ఇంటి ఖర్చు ఎప్పుడైనా తీసుకునేలా విడిగా ఉంచండి. ఉద్యోగంతో పాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి, మీకూ భార్యాపిల్లలకూ పాలసీ వచ్చేలోగా తీసుకోండి. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద ఇప్పుడు జీఎస్టీ లేదు. అమ్మగారికి ఈ దశలో ప్రైవేటు పాలసీ దొరకడం కష్టం. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆమె చికిత్సలో ఏవేవి వస్తాయో పలాస ఆసుపత్రిలో అడిగి రాసుకోమని ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పండి. ఉద్దానంలో ఈ జబ్బు ఎన్ని కుటుంబాల పొదుపును కరిగించిందో మీరు కళ్లారా చూసినవారు. మీ ఎనిమిది లక్షలు ఆమెకు అండగా ఉండాలన్నదే నా పట్టుదల.

చివరగా మీ ఇక్కడి లైసెన్సు గడువు చూడండి. అది ముగిసి ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు వెళ్లాలి. ఇన్నేళ్లు రోడ్డుకు కుడిపక్కన నడిపిన అలవాటు ఒక్కరోజులో పోదు. కాబట్టి కనీసం పదిహేను రోజులు ఊరి రోడ్ల మీద సాధన చేసి, ఆ తర్వాతే అమ్మగారిని జాతీయ రహదారి మీద తీసుకెళ్లండి. ఈలోగా విశాఖ ప్రయాణం పడితే తెలిసిన డ్రైవర్‌ను పెట్టుకోండి.